గోడ అవుతలి ఏడుపు అందరికి ఇనవడాలె

(విద్యానగర్‌ల వీధినాటకం నేర్చుకుంటున్న విద్యార్థుల ముందర చేసిన ప్రసంగ పాఠం)



ఆడోళ్ల మీద జరుగుతున్న హింసను ఆపెటందుకు నాటకం ఏం చేస్తదో చెప్పుమన్నరు. ముందుగాల మనం కూసున్న జాగ గురించి చెప్త. ఈడికెళ్లి నల్లకుంట పోలీస్ స్టేషన్ ఎంతో దూరం లేదు. 1978 మార్చి ఆఖర్ల రమీజాబీ అనే పేదింటి ముస్లిం మహిళను రాత్రిపూట ఆ స్టేషన్‌కు పట్టుకపోయిండ్రు. ఆమె మీద పోలీసులే అత్యాచారం చేసిండ్రు. ఇదేందని అడిగిన భర్త అహ్మద్ హుస్సేన్‌ను కొట్టి చంపిండ్రు. ఆయన రిక్షా తొక్కి బతికే మనిషి. జనం శవాన్ని తెచ్చి స్టేషన్ ముందర పెట్టి నిలదీసిండ్రు. పట్నమంత మండింది. కాల్పులు జరిగినై, కర్ఫ్యూ పెట్టిండ్రు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణ చేసి పోలీసులదే నేరమని తేల్చింది. కేసును రాయచూరుకు మార్చిండ్రు. 1981ల అక్కడి కోర్టు పోలీసులను విడిచిపెట్టింది.

ఆ విచారణల జరిగిన ఒక సంగతి నాటకం వేసేటోళ్లు యాది పెట్టుకోవాలె. పోలీసులు ఏం చేసిండ్రన్నది పక్కకు వోయి, ఆమె ఎసొంటిది, ఎన్ని పెండ్లిళ్లు చేసుకున్నది, అసలు అతని పెండ్లామేనా కాదా అన్న ముచ్చట ముందటికొచ్చింది. ఆమె కథను ఆమె చెప్పుకునే జాగ లేకుండ చేసి, వాళ్లకు కావల్సిన కథ వాళ్లు చెప్పిండ్రు. హింసకు ఇది రెండో అంకం. ప్రతి వాడల, ప్రతి పంచాయితీల ఇప్పటికి జరిగేది ఇదే. నాటకం ఎందుకు కావాలె అంటే ఇందుకే కావాలె. ఆ కథను ఆమె దిక్కు నిలబడి, పదిమంది నడుమ చెప్పెటందుకు.

ఈ క్యాంపస్‌కు ఆ చరిత్ర ఉన్నది. ఇదే ఉస్మానియాల 1974ల పీఓడబ్ల్యూ పుట్టింది. వరకట్నం మీద, తొవ్వ వెంబడి ఆడపిల్లలను సతాయించుడు మీద, అశ్లీల పోస్టర్ల మీద కొట్లాడింది. 1975ల ఎమర్జెన్సీ వచ్చి దాన్ని చెదరగొట్టింది. 1978ల స్త్రీ శక్తి సంఘటన నిలబడ్డది. తెలంగాణ సాయుధ పోరాటంల కొట్లాడిన ఆడోళ్ల నోటి ముచ్చట్లను కూడేసి 1986ల 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం తెచ్చింది వాళ్లే. తుపాకి పట్టినోళ్లు, దళాలకు అన్నం వండినోళ్లు, కబుర్లు మోసినోళ్లు అందుల మాట్లాడుతరు. పోరాటం ముగిసినంక మమ్మల్ని ఇంటికి పొమ్మన్నరు అన్న బాధ సుత అందుల ఉన్నది. అది ఒక్క ఆ తరం బాధనే అయితే బాగుండేది.

చట్టాలు లేవా అంటే ఉన్నయి. 1983ల 498ఏ వచ్చింది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితల 85, 86 సెక్షన్లయ్యింది. గృహహింస చట్టం 2005ల చేసిండ్రు, 2006 అక్టోబర్‌ల అమలుకొచ్చింది. ఢిల్లీ ఘటన తర్వాత 2013ల అత్యాచార చట్టాన్ని గట్టిగ చేసిండ్రు. 2014ల షీ టీములు వచ్చినై. ఇవేవి ఉత్తగ రాలేదు. ఆడోళ్లు రోడ్ల మీద కొట్లాడితే వచ్చినయే. గని చట్టం పోలీస్ స్టేషన్ గడప కాడ కూసుంటది. ఆమె గడప దాటి అక్కడికి వస్తేనే అది లేస్తది. ఆమెను గడప దాటనియ్యనిది ఏంది?

2019-21ల జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడుండ్రి. తెలంగాణల పెండ్లయిన ఆడోళ్లల నూటికి దాదాపు 37 మంది మొగని చేతుల హింస పడ్డమని చెప్పిండ్రు. అదే సర్వేల, ఏదో ఒక కారణానికి మొగడు పెండ్లాన్ని కొట్టుడు సమంజసమే అని ఒప్పుకున్న ఆడోళ్లు మన రాష్ట్రంల నూటికి 84 మంది. దేశం మొత్తంల హింస పడ్డోళ్లల నూటికి 77 మంది ఎవరి సాయం అడగలేదు, ఎవరికి చెప్పుకోలేదు.

ఆ కారణాలు ఏందో తెలుసా? అడగకుండ బయటికి పోవుడు. ఇల్లు, పిల్లలను పట్టించుకోకపోవుడు. ఎదురు మాట్లాడుడు. కూర మంచిగ వండకపోవుడు. అత్తమామలకు మర్యాద ఇయ్యకపోవుడు. కూర బాగలేకుంటే కొట్టొచ్చని కొట్టించుకునే మనిషే అంటున్నదంటే, ఆ తల్లిని తప్పుపట్టకుండ్రి. ఆమెకు ఆ పాఠం నేర్పింది ఎవరు? ఇల్లు నేర్పింది, వాడ నేర్పింది, సినిమా నేర్పింది. చెంపదెబ్బ కొడితే ప్రేమ పుట్టినట్టు చూపెట్టిన సినిమాలు మనం చప్పట్లు కొట్టి చూసినం. ఆట నేర్పిన పాఠాన్ని ఆటతోటే విడిపించాలె. ఈ పని చట్టానికి చాతగాదు.

మనకు ఆట కొత్తగాదు. ఒగ్గు కథ మనది, చిందు భాగవతం మనది. నిజామాబాద్ దిక్కు చిందుల ఎల్లమ్మ బతుకంత గజ్జె కట్టి ఆడి 2005ల కన్నుమూసింది. బతుకమ్మ చుట్టు తిరుగుకుంట ఆడోళ్లు పాడుకునే పాటలల్ల పుట్టింటి ముచ్చట్లు, అత్తింటి ఆరళ్లు ఎన్ని లేవు? దానికి వేదిక లేదు, తెర లేదు, టికెట్ లేదు. చూసేటోళ్లే ఆడేటోళ్లు. 1947ల సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి' నాటకాన్ని ప్రజానాట్యమండలి ఊరూర ఆడితే సర్కారుకు భయమై నిషేధం పెట్టింది. తర్వాత జననాట్యమండలి వచ్చింది, అరుణోదయ వచ్చింది. 2002ల కామారెడ్డిల మొదలైన ధూంధాం తెలంగాణ ఊర్లన్నిటిని కదిలించింది. పాట ఏం చేస్తదో ఎరుక లేనోళ్లు ఈడ ఎవరు లేరు.

అయితే ఒక్క మాట అడగాలె. ఆ ఆటలల్ల దుష్మన్ ఎప్పుడు బయటోడే. దొర, పోలీసు, పాలకుడు. గడీల ఆడబాపల గోస చెప్పినం, అది చెప్పాల్సిందే. కని మన ఇంట్ల, మన గోడ అవుతల జరిగేదాన్ని ఎన్నిసార్లు ఆటల పెట్టినం? ధూంధాం వేదిక మీద గొంతెత్తి పాడిన చెల్లె, ఆట అయినంక నడిరాత్రి ఇంటికి పోతే తలుపు తీసినోళ్లు ఏమన్నరో ఎన్నడన్న అడిగినమా? రాష్ట్రం 2014 జూన్ 2 నాడు వచ్చింది. ఆమె అడగాల్సిన రాష్ట్రం ఇంక ఇంట్లనే ఉన్నది.

ఆట ఇంటి ముచ్చటను బయటికి తెచ్చి ఏం సాధించగలదో చెప్పెటందుకు నెల్లూరు జిల్లా పోదాం. ఊరు ఏ దిక్కుదైనా తల్లుల కష్టం ఒక్కటే. 1990 తర్వాత అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. కళాజాతలు ఊరూరికి పోయి పాటలు, చిన్న చిన్న నాటికలు వేసినై. రాత్రి బడులల్ల చదువుకునే పుస్తకంల తాగుబోతు మొగనితోటి గోసపడే సీతమ్మ కథ పెట్టిండ్రు. దూబగుంట ఆడోళ్లు ఆ కథ చదివి, ఇది మా కథనే గద అన్నరు. కూలి పైసలు సారకు పోవుడు, ఇంటికొచ్చి కొట్టుడు ప్రతి ఇంట్ల ఉన్నదే. 1992ల రోశమ్మ అసొంటోళ్లు ముందు నిలబడి సార దుకాణం మూపిచ్చిండ్రు. ఊరికి ఊరు అంటుకున్నది. సార వేలంపాటలు జరగనియ్యలే. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంత సార బంద్ అయింది. 1995 జనవరిల సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997ల ఎత్తేసిండ్రనుకోండ్రి, అది వేరే కథ.

ఇందుల మనకు దొరికే పాఠం ఏంది? కళాజాత వచ్చి ఆడి పోతే దూబగుంట కదలకపోవు. ఆట అయినంక రాత్రి బడి ఉన్నది. పది మంది ఆడోళ్లు రోజు కూసొని మాట్లాడుకునే జాగ ఉన్నది. మా ఇంట్ల ఒక్కదాన్నే అనుకున్నది, అందరి ఇండ్లల్ల ఉన్నదని ఆడ తెలిసింది. అది తెలిసిన దినమే సిగ్గు పోయి కోపం వచ్చింది. మనం ఆటను తయారు చేస్తున్నమా, ఆట తర్వాత కూసునే జాగను తయారు చేస్తున్నమా?

ఈ పనిని ఒక పద్ధతిగ చేసినోడు బ్రెజిల్ దేశపు అగస్టో బోల్. సైనిక ప్రభుత్వం హింసపెడితే 1971ల దేశం విడిచిండు. ఆయన పెరూ దేశంల ఆడుతున్నప్పుడు మొగని చేతుల మోసపోయిన ఒకామె కథ వేసిండ్రు. ఇప్పుడు ఆమె ఏం చెయ్యాలె అని చూసేటోళ్లను అడిగిండ్రు. జనంలకెళ్లి ఒకామె లేచి, మొగనితోటి సక్కగ మాట్లాడాలె అన్నది. నటులు మాట్లాడి చూపెట్టిండ్రు. అట్ల కాదన్నది. మళ్లొకసారి చేసిండ్రు. అసలే కాదన్నది. అయితే నువ్వే వచ్చి చెయ్యమ్మా అన్నరు. ఆమె వేదికెక్కి మొగని వేషం వేసినోన్ని చీపురుతోటి దంచి, తర్వాత మాట్లాడింది! సక్కగ మాట్లాడుడు అంటే ఆమె లెక్కల అది. చూసేటోడు చూసుకుంటనే కూసోవద్దు, లేచి వచ్చి ఆడాలె అన్న పద్ధతి అట్ల గట్టిపడ్డది. 1985 నుంచి పశ్చిమ బెంగాల్‌ల జనసంస్కృతి అనే బృందం ఇదే పద్ధతిల పల్లెలల్ల ఇంటి హింస మీద ఆడుతున్నది. మొగోళ్లు వచ్చి ఆడదాని జాగల నిలబడి జవాబు వెతుక్కోవాలె. ఒక్కసారి ఆ జాగల నిలబడితే 'సర్దుకపోవాలె' అన్న మాట నోట్ల నుంచి అంత అల్కగ రాదు.

మరి విద్యానగర్‌ల ఏం ఆడుదాం? ఇక్కడ గల్లి గల్లికి హాస్టళ్లు, కిరాయి రూములు. గోడలు పలుచన. పక్క పోర్షన్ల ఏడుపు ఇనవడ్తది. ఒకడు చెవులల్ల ఇయర్ ఫోన్లు పెట్టుకుంటడు. ఒకామె టీవీ సప్పుడు పెంచుతది. ఓనరు 'మొగుడు పెండ్లాల ముచ్చట మనకెందుకు' అంటడు. ఇదే నాటకం. దెబ్బను చూపెట్టే పనిలేదు. గోడకు ఇవుతల ఉన్నోళ్లను చూపెట్టుండ్రి. ఆట ఆపి, 'ఇప్పుడు మీరైతే ఏం చేస్తరు' అని అడుగుండ్రి. 2008ల 'బెల్ బజావో' అని ఒక ప్రచారం వచ్చింది. పక్కింట్ల కొడుతున్న సప్పుడు ఇనవడితే పోయి బెల్ కొట్టి ఏదో ఒకటి అడుగుడు, అంతే. కొట్టేటోనికి ఎవరో ఇంటున్నరని తెల్వాలె.

నాలుగు మాటలు గట్టిగ చెప్త. ఒకటి, ఆడమనిషిని ఏడిపిచ్చుడే నాటకం అనుకోవద్దు. ఆమె ఏం ఆలోచించింది, ఎట్ల తప్పిచ్చుకున్నది, ఎవరిని నమ్మింది, అది చూపెట్టుండ్రి. రెండు, ఎవరి కథనన్న తీసుకుంటే ఆమె ఒప్పుకోవాలె. పేరు, ఊరు, గుర్తులు మార్చాలె. మన ఆటతోటి ఆమెకు ఇంకో దెబ్బ పడొద్దు. మూడు, ఆట అయినంక సామాన్లు సదురుకొని పోవద్దు. గంట సేపు ఆడనే కూసోండ్రి. 181 నంబరు, సఖి కేంద్రం సంగతి, గృహహింస చట్టం కింద రక్షణ అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చన్న సంగతి తెలిసిన ఒక అక్కను ఎంట తీసుకపోండ్రి. ఒక్క తల్లి చాటుకు వచ్చి అడిగినా ఆట గెలిచినట్టే. నాలుగు, మీ బృందంల చెల్లెలికి రిహార్సల్ కాడ భయం లేకుండ ఉండాలె. చీకటైతే ఇంటికి దించే బాధ్యత, ఎవడన్న తప్పు చేస్తే ఎంత పెద్ద కళాకారుడైనా బయటికి పంపే నియమం మొదటి రోజే రాసుకోండ్రి. బృందంల లేని నీతి ఆటల పండదు.

2019 నవంబర్‌ల శంషాబాద్ దిక్కు పశువైద్యురాలి మీద ఘోరం జరిగింది. డిసెంబర్ 6 నాడు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపితే జనం పూలు చల్లిండ్రు. 2022ల సిర్పుర్కర్ కమిషన్ పోలీసులు చెప్పింది కట్టుకథ అని చెప్పింది. అదే నవంబర్‌ల ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ దిక్కు ఊరూరు తిరిగి సామాన్లు అమ్ముకునే దళిత మహిళ మీద అంతే ఘోరం జరిగింది. ఆమె కోసం పట్నంల అంతమంది రోడ్డెక్కలే. 1978ల పోలీసుల మీద కోపంతోటి లేచిన పట్నం, 2019ల పోలీసుల మీద పూలు చల్లింది. తుపాకి కథను ఒక్క నిమిషంల ముగిస్తది. ముగిస్తే ఇంటికి పోయి నిమ్మలంగ పండుకోవచ్చు, మన గోడ అవుతల ఏం జరుగుతున్నదో ఎవరు అడగరు. నాటకం కథను ముగియ్యనియ్యదు. మనల్ని అడుగుతనే ఉంటది.

అందుకని మొదటి ఆట ఆర్ట్స్ కాలేజి మెట్ల మీద వద్దు. ఆడ చూసేది మనోళ్లే, చప్పట్లు కొట్టేది మనోళ్లే. కిరాయి రూములున్న గల్లిల, నీళ్ల ట్యాంకర్ కాడ, తార్నాక బస్టాప్ కాడ, అడ్డ మీద కూలికి నిలబడ్డ ఆడోళ్ల నడుమ ఆడుండ్రి. ఎవరో ఒకామె లేచి 'అట్ల కాదు బిడ్డా, నేను చూపెడత' అనేదాక ఆడుండ్రి. ఆమె లేస్తే మీరు పక్కకు జరిగి జాగ ఇయ్యుండ్రి.

సెలవు.