హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్: మూడో నెల దాటాలి

పెర్త్ పక్కన హారిస్‌డేల్ నుంచి మాట్లాడుతున్నా. "సెలవులో హైదరాబాద్ వెళ్లి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోమంటావా అన్నా?" అని సైట్‌లో కుర్రాళ్లు అడుగుతుంటారు. నేను చేయించుకున్నవాణ్ణే, అందుకే చెబుతున్నా.

డబ్బుకన్నా ముందు సెలవు లెక్క చూసుకోండి. నాటిన కుదుళ్లు పట్టుకునేదాకా, అంటే మొదటి పది రోజులు, తలకి ఏదీ తగలకూడదు. మన పనిలో హెల్మెట్ తప్పదు, ఎండా దుమ్మూ తప్పవు. మళ్లీ హెల్మెట్ ఎప్పుడు పెట్టొచ్చో డాక్టర్‌ని అడిగాకే టికెట్ తీసుకోండి. నేను సెలవు మొదటి వారంలోనే చేయించుకున్నా.

కత్తి పట్టేది ఎవరో కూడా అడగండి. ఇది శిక్షణ ఉన్న డాక్టర్ చేయాల్సిన సర్జరీ అనీ, యూట్యూబ్ చూసి నేర్చుకుంటే చాలదనీ 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది.

ఇక అసలు పరీక్ష. కొన్ని వారాలకే నాటిన జుట్టు రాలిపోతుంది. మూడో నెలలో నా తల ముందుకన్నా పల్చగా కనిపించింది. "ఇందుకా అంత డబ్బు పోశావు?" అని ఇంట్లోవాళ్లు వీడియో కాల్‌లో అడిగారు. రాలేది వెంట్రుకే, కుదురు లోపలే ఉంటుంది. స్లాబ్ పోసిన మర్నాడే సెంట్రింగ్ ఊడదీస్తామా? మూడు నాలుగు నెలలకి మొలకలొస్తాయి, పూర్తిగా తెలియడానికి ఏడాది పడుతుంది.

అంత ఓపిక లేదనిపిస్తే ఆ సెలవంతా అమ్మానాన్నల దగ్గరే గడపండి. అదీ లాభమే. ఉంటా మరి.