కళాశాలల పట్టణంలో వాణిజ్య మండలి: బిలాస్‌పూర్ ఉదాహరణ



ఈనాటి ప్రసంగంలో మనం చాంబర్ ఆఫ్ కామర్స్, అంటే వాణిజ్య మండలి గురించి తెలుసుకుందాం. కామర్స్ పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒకటి రెండు పేరాలు కేటాయిస్తారు. మనం నిర్వచనం కంఠస్థం చేసి పరీక్ష రాసేస్తాం. కాని కాలేజీలున్న ఊళ్లో ఈ సంస్థ వల్ల విద్యార్థికి ఏమిటి ప్రయోజనమని ఆలోచించం. ఆ ఆలోచన చేయడానికి ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పూర్‌ను ఉదాహరణగా తీసుకుందాం.

వాణిజ్య మండలి అంటే ఏమిటి?

ఒక ప్రాంతంలోని వర్తకులు, పరిశ్రమల యజమానులు, రవాణాదారులు తమంతట తాముగా చేరి, సభ్యత్వ రుసుముతో నడుపుకునే సంస్థ వాణిజ్య మండలి. దీనికి లాభాపేక్ష ఉండదు. ఇది ప్రభుత్వ శాఖ కాదు. సభ్యుల సమస్యలను అధికారుల ముందు పెట్టడం, కొత్త పన్నులు, నిబంధనల గురించి సభ్యులకు తెలియజెప్పడం, వ్యాపార వివాదాల్లో రాజీ కుదర్చడం దీని ముఖ్యమైన పనులు.

ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవు పట్టణంలో 1599లో ఏర్పడిన మండలిని ఇటువంటి వాటిలో మొదటిదిగా చెబుతారు. మన దేశంలో మద్రాసు చాంబర్ 1836లో ఏర్పడింది. హైదరాబాదు వర్తకుల మండలి 1917లోను, తెలుగు వర్తకుల ఆంధ్రా చాంబర్ ఆఫ్ కామర్స్ 1928లో మద్రాసులోను ప్రారంభమయ్యాయి.

చదువుతో ఈ సంస్థలకు పాత సంబంధమే ఉంది. పారిస్ వాణిజ్య మండలి 1881లో స్థాపించిన వాణిజ్య కళాశాల నేటికీ ప్రపంచ ప్రసిద్ధమైనది. లండన్ చాంబర్ నిర్వహించిన వాణిజ్య పరీక్షలు మన దేశం దాకా వచ్చాయి. జర్మనీలో యువతీ యువకులు కొన్ని రోజులు వృత్తి పాఠశాలలో, కొన్ని రోజులు సంస్థలో పని నేర్చుకుంటారు. వాణిజ్య, పారిశ్రామిక రంగాలలో వారికి పరీక్ష పెట్టి యోగ్యతా పత్రం ఇచ్చేది స్థానిక వాణిజ్య మండలే.

బిలాస్‌పూర్ స్వరూపం

ఇప్పుడు బిలాస్‌పూర్‌కు వద్దాం. 1890 దశకం ఆరంభంలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ పట్టణాన్ని జంక్షన్‌గా మార్చింది. అదే రైల్వే ఉత్తరాంధ్ర తీరానికీ విస్తరించింది. ఆ ఉద్యోగాలతో అనేక తెలుగు కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. రైల్వే జోన్ కావాలని ఈ పట్టణ ప్రజలు ఏళ్ల తరబడి ఉద్యమించారు. 1998లో ప్రకటన వెలువడింది. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ కేంద్రమయింది. బొగ్గు గనుల సంస్థ ఎస్‌ఈసీఎల్ ప్రధాన కార్యాలయం, రాష్ట్ర హైకోర్టు కూడా ఇక్కడే ఉన్నాయి.

చదువుల విషయానికి వస్తే, 1983లో స్థాపించిన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమయింది. మరొక రాష్ట్ర విశ్వవిద్యాలయం, సార్వత్రిక విశ్వవిద్యాలయం, అనేక కళాశాలలు ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి విద్యార్థులు రైళ్లలో వచ్చి చదువుకుంటారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రైల్వే, బొగ్గు సంస్థ ఊళ్లోనే ఉన్నా, వాటి ఉద్యోగాలు ఊరివాళ్లవి కావు. రైల్వే నియామక పరీక్షకు దేశమంతటి నుంచీ అభ్యర్థులు పోటీపడతారు. తాత రైల్వేలో పనిచేసినంత మాత్రాన మనవడికి అక్కడ చోటు దొరకదు. ఊరి యువతను నేరుగా పనిలోకి తీసుకోగలిగేది బజారులోని దుకాణం, సిర్గిట్టీ, తిఫ్రా పారిశ్రామికవాడల్లోని కర్మాగారం, బియ్యం మిల్లు, రవాణా సంస్థ. వీటి యజమానులే వాణిజ్య మండలి సభ్యులు. రాయ్‌పూర్ కేంద్రంగా పనిచేసే ఛత్తీస్‌గఢ్ చాంబర్‌లో బిలాస్‌పూర్ వర్తకులకూ సభ్యత్వం ఉంది.

తరగతి గది నుంచి గూడ్స్ షెడ్డుకు

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. ఒక వ్యాపారికి గూడ్సు రైలులో సరుకు వచ్చింది. నిర్ణీత గడువులో వ్యాగన్లు ఖాళీ చేయకపోతే రైల్వే గంటల లెక్కన డెమరేజి వసూలు చేస్తుంది. దింపిన సరుకును గడువులోగా ఆవరణ నుంచి తరలించకపోతే వార్ఫేజి పడుతుంది. కూలీలు, లారీలు, రైల్వే రసీదు, ఈ-వే బిల్లు, జీఎస్‌టీ లెక్కలు, అన్నీ సమయానికి అమరాలి. బీకాం విద్యార్థి ఈ మాటలను పుస్తకంలో చదువుతాడు. గూడ్స్ షెడ్డు మాత్రం కాలేజీకి కొద్ది దూరంలోనే ఉన్నా చూసి ఉండడు. వ్యాపారికేమో ఈ పనులు తెలిసిన మనిషి దొరకడు.

ఈ ఇద్దరినీ కలపడం ఒక్కొక్క వ్యాపారికీ, ఒక్కొక్క అధ్యాపకునికీ సాధ్యం కాదు. మండలికి సాధ్యం. ఏ పనులకు మనుషులు కావాలో సభ్యుల నుంచి జాబితా తయారుచేసి కళాశాలలకు ఇవ్వవచ్చు. 1961 అప్రెంటిస్ చట్టం కింద శిక్షణకు తీసుకునేలా సభ్యులను ప్రోత్సహించవచ్చు. 2020 జాతీయ విద్యావిధానం ఇంటర్న్‌షిప్‌కు ప్రాధాన్యమిచ్చింది. కాని స్థానికంగా చోటు చూపించేవారు లేకపోతే అది కాగితం మీదే మిగిలిపోతుంది.

రైల్వేతో సంప్రదింపు

రైల్వే పట్టణంలో మండలికి మరొక బాధ్యత ఉంది. ప్రతి రైల్వే జోన్‌కు, డివిజన్‌కు వినియోగదారుల సలహా సంఘాలు ఉంటాయి. వాటిలో వాణిజ్య మండలుల ప్రతినిధులకు, ప్రయాణికుల సంఘాలకు స్థానం ఉంది. ఈ సంఘాలు సలహా మాత్రమే ఇవ్వగలవు. అయినా రైలు వేళలు, ఆగే స్టేషన్లు, గూడ్స్ షెడ్డు సౌకర్యాలు అక్కడ చర్చకు వస్తాయి.

2022 వేసవిలో విద్యుత్ కేంద్రాలకు బొగ్గు అత్యవసరమయింది. బొగ్గు రైళ్లకు దారి ఇవ్వడానికి ప్రయాణికుల రైళ్లు అనేకం రద్దుచేశారు. వాటిలో చాలా భాగం ఆగ్నేయ మధ్య రైల్వేవే. ఒకే పట్టాల మీద బొగ్గు వెళ్లాలా, కాలేజీకి పోయే విద్యార్థి వెళ్లాలా అన్న ప్రశ్న అప్పుడు ఎదురయింది. రైలు రద్దయితే విద్యార్థికి తరగతి పోతుంది, దుకాణానికి గిరాకీ పోతుంది. ఇటువంటి సందర్భంలో వ్యాగన్ల గురించి మాట్లాడే మండలి, విద్యార్థి రైలు గురించి కూడా మాట్లాడితేనే అది పట్టణం మొత్తానికి ప్రతినిధి అనిపించుకుంటుంది.

పరిమితులు

మండలి మాట ఊరందరి మాట అనుకోకూడదు. అది సభ్యుల ప్రయోజనాలకు కట్టుబడిన సంస్థ. కాలేజీ గేటు దగ్గర టీ, పుస్తకాలు, పండ్లు అమ్మే చిరువ్యాపారులు సాధారణంగా అందులో సభ్యులు కారు. బజారు దుకాణదారుకూ, తోపుడుబండి వ్యాపారికీ మధ్య జాగా తగాదా ప్రతి ఊళ్లోనూ ఉన్నదే. అందుకే 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ కమిటీల్లో వర్తక సంఘాలకు చోటిస్తూనే, కనీసం 40 శాతం స్థానాలు వీధి వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులకే కేటాయించింది. అలాగే శిక్షణ పేరుతో విద్యార్థిని చవక కూలీగా వాడుకునే ప్రమాదమూ ఉంది. ఏమి నేర్పుతారు, ఎన్ని నెలలు, భృతి ఎంత అన్నది కళాశాల ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

మొత్తం మీద, ఊళ్లోని పెద్ద సంస్థల నిర్ణయాలు ఎక్కడో జరుగుతాయి. ఊరు తన యువత కోసం తానుగా చేయగలిగిన పనికి వాణిజ్య మండలి ఒక మంచి సాధనం. అయితే అడిగేవారుంటేనే అది పనిచేస్తుంది. మీ ఊళ్లో వాణిజ్య మండలి ఉందా? అందులో సభ్యులెవరు, సభ్యులు కానివారెవరు? గత సంవత్సరం అది ఏ విషయాలపై విజ్ఞాపనలు ఇచ్చింది? వాటిలో విద్యార్థులకు సంబంధించినది ఒక్కటైనా ఉందా? మీ అధ్యాపకుల సహాయంతో ఈ వివరాలు సేకరించి తరగతిలో చర్చించండి.