కట్టినా కూల్చినా జనం సొమ్మే



రాయచోటి జనానికి రాజధాని మారడం కొత్త కాదు. 1953లో కర్నూలు. అక్కడ గుడారాల్లో ఆఫీసులు నడిచాయి. 1956లో హైదరాబాదు. రాష్ట్రం విడిపోయాక అమరావతి.

అమరావతి పక్కన ఉండవల్లిలో, కృష్ణా నది గట్టున, 2017లో ఒక పెద్ద హాలు కట్టారు. పేరు ప్రజావేదిక. జనం అర్జీలు ఇచ్చుకునేందుకు అన్నారు. అప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు. 2019లో జగన్‌మోహన్‌రెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. నది గట్టున కట్టడం చట్టానికి విరుద్ధం అన్నారు. అదే హాలులో కలెక్టర్ల సమావేశం పెట్టారు. జూన్ 25 రాత్రి కూల్చడం మొదలైంది. 2024లో మళ్లీ చంద్రబాబు వచ్చారు. అప్పటికీ ఆ శిథిలాలు అక్కడే పడి ఉన్నాయి.

చట్టం ఒప్పుకోకపోతే అక్కడ ఎందుకు కట్టినట్టు? కట్టేశాక వేరే పనికి వాడుకోకూడదా? రెండూ అడగాల్సిన ప్రశ్నలే. కట్టినోళ్ల దుడ్లు పోలేదు. కూల్చినోళ్ల దుడ్లూ పోలేదు. పోయింది సబ్బు, అగ్గిపెట్టె కొన్న ప్రతి మనిషీ కట్టిన పన్ను.

మీ ఊళ్లో బడి గది కట్టినా, పంచాయతీ ఆఫీసు కూల్చినా లెక్క అడగండి. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు. ఆ అర్జీ మీరే రాయొచ్చు.