మానని రొమ్ము గడ్డ: ముక్క రెండు సీసాల్లో పోవాలె

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశం, జైనూర్. ఆరోగ్య అంశంపై ఒక గ్రామ సమాఖ్య తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడు ఇక్కడ పొదుపు, అప్పులు, స్త్రీనిధి లెక్కలు చెప్పుకుంటాం. ఈసారి ఆడవాళ్లం నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడే ముచ్చట ఒకటి చెప్తాం. రొమ్ములో లేచిన గడ్డ మానకపోతే ఏం చేయాలి?

మా సంఘాల్లో ఒక చెల్లెకు బిడ్డ పాలు తాగే రోజుల్లో గడ్డ లేచింది. ఇంట్లోవాళ్లు పాలగడ్డ అన్నరు. ఒక ప్రైవేటు దవాఖానలో కోసి చీము తీసిండ్రు. మానినట్టే మాని మళ్లీ కారింది. మళ్లీ కోసిండ్రు. ఇట్లా ఏడు నెలలు గడిచినయి. పత్తి విత్తనాలకని తీసుకున్న సంఘం అప్పు దీనికే పోయింది. చివరికి వేరే దవాఖానలో ముక్క తీసి పరీక్ష చేస్తే టీబీ అని తేలింది. ఆరు నెలలు గోలీలు వాడింది, ఇప్పుడు మంచిగున్నది.

దగ్గు లేదు, తెమడ లేదు, టీబీ ఎట్లా అని అందరూ అడిగిండ్రు. టీబీ ఊపిరితిత్తులకే కాదు, గోర్లు, వెంట్రుకలు తప్ప ఒంట్లో ఎక్కడైనా రావచ్చు. రొమ్ముకు రావడం అరుదే, కానీ కొత్త కాదు. లండన్ డాక్టర్ ఆస్ట్లీ కూపర్ 1829లోనే దీన్ని రాసిండు. టీబీ క్రిమిని రాబర్ట్ కోచ్ లోకానికి చూపింది 1882లో.

ఈ క్రిమిని రొమ్ములో పట్టుకోవడమే కష్టం. సూక్ష్మదర్శినిలో కనబడాలంటే ఒక మిల్లీలీటరు తెమడలో సుమారు 10,000 క్రిములు ఉండాలి. రొమ్ము గడ్డలో అన్ని ఉండవు. అందుకే అద్దం కింద కనబడలేదంటే టీబీ లేదని కాదు. సీబీనాట్ అనే మిషన్ క్రిమి జన్యువును వెతుకుతుంది, తక్కువ క్రిములున్నా పట్టుకోగలదు, సుమారు రెండు గంటల్లో ఫలితం ఇస్తుంది. రిఫాంపిసిన్ మందు పని చేస్తదో లేదో కూడా చెప్తుంది. క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకు ఆరు నుండి ఎనిమిది వారాలు పట్టవచ్చు.

ఇక్కడే అసలు సంగతి. ముక్కను మామూలుగా ఫార్మలిన్ సీసాలో వేసి పంపుతారు. ఫార్మలిన్‌లో క్రిమి చచ్చిపోతుంది, ఇక కల్చర్‌లో పెరగదు. అందుకని ముక్క తీసేటప్పుడే రెండు సీసాలు కావాలి. ఒకటి ఫార్మలిన్‌ది, అందులో క్యాన్సరా వాపా అని చూస్తారు. రెండోది ఉప్పునీళ్ల సెలైన్‌ది, అది టీబీ పరీక్షకు. "సార్, టీబీ పరీక్షకు కూడా పంపుతున్నరా?" అని మనం అడగాలి. అడగడం తప్పు కాదు.

ఎందుకింత పట్టుదల అంటే, చూడడానికి అచ్చం ఇట్లాగే ఉండే ఇంకో వాపు జబ్బు ఉంది. దానికి స్టెరాయిడ్ మందులిస్తారు. టీబీ ఉన్నవాళ్లకు టీబీ మందులు లేకుండా అవే ఇస్తే జబ్బు ముదురుతుంది. అట్లని ప్రతి గడ్డా టీబీ కాదు. పాలగడ్డ కావచ్చు, క్యాన్సరూ కావచ్చు. పరీక్ష లేకుండా పేరు పెట్టొద్దు, పసర్లు కట్టి నెలలు గడపొద్దు.

టీబీ అని తేలితే భయం వద్దు. ప్రభుత్వ దవాఖానలో గోలీలు ఉచితం. మూత్రం ఎర్రగా వస్తే అది మందు రంగు, బెదిరి మానొద్దు. నిక్షయ్‌లో పేరు, బ్యాంకు ఖాతా ఎక్కిస్తే తిండి కోసం నెలకు 1,000 రూపాయలు వస్తాయి. 2024 నవంబరుకు ముందు అది 500 ఉండె.

మా గ్రామ సమాఖ్య మూడు తీర్మానాలు చేసింది. నెల మీటింగులో పొదుపు రాసినంక, మానని గడ్డ ఎవరికైనా ఉందా అని పక్కకు పిలిచి, గోండి మాట్లాడే అక్కను గోండిలోనే అడుగుతం. రెండు, మూడు వారాల్లో తగ్గకపోతే ఆశ కార్యకర్తతో పాటు సంఘం నుండి ఒక అక్క తోడు పోతది. ఉట్నూరుకైనా, ఆదిలాబాద్ రిమ్స్‌కైనా దారి ఖర్చుకు అప్పు ముందు వాళ్లకే.

మిగతా గ్రామ సమాఖ్యలు కూడా ఈ తీర్మానాలు తమ పుస్తకాల్లో రాసుకోవాలని కోరుతున్నాం.