చెక్కడపు తపాలా బిళ్ళలు

ప్రొద్దుటూరి కంసాలి బంగారముపై పువ్వులు చెక్కుట మీ రెరిగినదే. కొన్ని తపాలా బిళ్ళలకును ఆ పనియే మూలము. శిల్పి లోహపు పలకపై బొమ్మను కుడియెడమలు తారుమారుగా చెక్కును. గాడులలో సిరా నిలిపి, పైభాగము తుడిచి, కాగితము నదిమినచో గీతలు వ్రేలికి దగులునట్లు ఉబుకును. సేకరించువారు మురియునది దీనికే.

నైజాము రాజ్యపు మొదటి బిళ్ళ, 1869 నాటిది, ఇట్టిదే. 1931 నాటి అణా బిళ్ళపై చార్మినారు గీతగీతగా నిలిచినది. మన సీమ 1800లోనే కుంపిణీ వశమగుటచే ఆ బిళ్ళలు ఇచ్చట చెల్లలేదు. మన పాత యుత్తరములపై విక్టోరియా రాణి మొగము, అదియు చెక్కడము కాదు, ఉత్త అచ్చు!

జమ్మలమడుగునగాని పులివెందులలోగాని తాతలనాటి జాబులు దొరికినచో, బిళ్ళను నీళ్ళలో నాన్చి ఊడదీయవలదు. ముద్ర తరచుగా సగము బిళ్ళపై, సగము జాబుపై పడియుండును. విడదీసినచో ఆ జాబు ఏ యూరినుండి ఏనాడు బయలుదేరెనో చెప్పువా రుండరు.