వచ్చినవాళ్లెందరు, ఉన్నవాళ్లెందరు?

(లాల్ దర్వాజాలో ఆదివారం సాయంత్రం చేసిన ఉపన్యాసం)

 

పోయిన నెల శాలిబండలో ఒక ఇరానీ హోటల్లో చాయ్ తాగుతున్నాను. పక్క బల్ల దగ్గర నలుగురు పిల్లలు ఫోన్లు పట్టుకొని బీజీఎంఐ ఆడుతున్నారు. నేను స్టాటిస్టిక్స్ పాఠం చెప్తానని వాళ్లలో ఒకడికి తెలుసు. "సార్, ఈ గేమ్ డెడ్ అయిపోయిందంటుండు వీడు. నేను కాలేదంటున్న. మీరు లెక్కల సార్ గదా, చెప్పుండ్రి" అన్నాడు.

అప్పటికి వాడికి జవాబు చెప్పలేదు. ఏది లెక్కపెట్టాలో ముందు తేల్చుకుందామన్నాను. ఆ సంగతి మీ అందరి ముందూ మాట్లాడదామనే ఈ రోజు వచ్చాను. ఆ ఆటను నమ్ముకొని ఖరీదైన ఫోను వాయిదాల మీద కొనుక్కునే తమ్ముళ్లు మన గల్లీల్లో ఉన్నారు. అప్పు చేసి గేమింగ్ సెంటర్ పెట్టుకుందామనుకునేవాళ్లున్నారు. చదువు పక్కన పెట్టి ఈ-స్పోర్ట్స్‌లోకి పోదామనుకునేవాళ్లూ ఉన్నారు. ఆటలో జనం పెరుగుతున్నారా, తరుగుతున్నారా అన్న లెక్క తప్పితే నష్టపోయేది వాళ్లే.

మన మీరాలం చెరువుతో మొదలుపెడతాను. జూపార్కు పక్కనే ఉంది, 21 అర్ధచంద్రాకారపు కమానులతో కట్టిన కట్ట. 19వ శతాబ్దం మొదట్లో దివాన్ మీర్ ఆలం కట్టించాడు. ఉస్మాన్‌సాగర్ రాకముందు పట్నానికి తాగునీళ్లిచ్చిన చెరువు అది. "ఈ చెరువులో నీళ్లెన్ని?" అని మీరడిగితే, "కట్టిన రోజు నుంచి ఇప్పటిదాకా ఇన్ని నీళ్లు వచ్చాయి" అని నేను చెప్పాననుకోండి. చెప్పింది అబద్ధం కాదు, కానీ మీరడిగినదానికి జవాబూ కాదు. తూముల్లోంచి పోయినవి, మత్తడి దూకినవి, ఎండకు ఆవిరైనవి తీసేస్తే మిగిలినవే చెరువులో నీళ్లు.

ఆటల కంపెనీలు గొప్పగా ప్రకటించే "రిజిస్టర్డ్ యూజర్లు" అనే సంఖ్య చెరువులోకి ఇప్పటిదాకా వచ్చిన నీళ్ల లెక్క. ప్లే స్టోర్‌లో ఆట పేరు కింద కనబడే డౌన్‌లోడ్ల సంఖ్య కూడా అంతే. ఒకసారి దించుకొని, రెండు రోజులు ఆడి, తీసేసినవాడు కూడా అందులో ఎప్పటికీ ఉంటాడు. ఆ సంఖ్య పెరగడమే గాని తరగడం ఎరుగదు. తరగడం చేతగాని సంఖ్యను పట్టుకొని ఆట తరుగుతోందా అని అడిగితే ఏం చెబుతుంది?

ఈ చెరువు బొమ్మ మనసులో పెట్టుకొని బీజీఎంఐ కథ చూడండి. 2018 మార్చిలో పబ్‌జీ మొబైల్ వచ్చింది. రెండేళ్లలో మన గల్లీలన్నీ ఆక్రమించింది. 2020 సెప్టెంబర్ 2న కేంద్ర ప్రభుత్వం ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద నిషేధించిన 118 యాప్‌లలో అదొకటి. అక్టోబర్ 30న మన దేశానికి సర్వర్లు ఆపేశారు. 2021 జులై 2న కొరియా కంపెనీ క్రాఫ్టన్ అదే ఆటను మన దేశం కోసం బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా పేరుతో తెచ్చింది. అదే బీజీఎంఐ. ఏడాది తిరిగేసరికి, 2022 జులైలో, రిజిస్టర్డ్ యూజర్లు 10 కోట్లు దాటారని కంపెనీ ప్రకటించింది. అదే నెల 28న ఆట స్టోర్ల నుంచి మాయమైంది.

ఇక్కడొక విచిత్రం జరిగింది. స్టోర్ నుంచి తీసేశారు గాని, అప్పటికే ఫోన్లో ఉన్నవాళ్లు ఆడుతూనే ఉన్నారు. చెరువు భాషలో చెప్పాలంటే వరద కాలువ మూసేశారు, తూములు మాత్రం తెరిచే ఉన్నాయి. ఫోను పగిలినవాడు, ఫోను మార్చినవాడు, విసుగొచ్చినవాడు ఒక్కొక్కరే బయటకు పోతున్నారు. కొత్తగా లోపలికి వచ్చే దారి లేదు. 2023 మే నెలాఖరులో, మూడు నెలల ప్రయోగంగా, ఆట తిరిగి వచ్చింది. 18 ఏళ్ల లోపువాళ్లకు రోజుకు 3 గంటలు, పెద్దవాళ్లకు 6 గంటలు అని హద్దు పెట్టారు. ఆట స్టోర్లలో లేని ఆ పది నెలల్లోనూ 10 కోట్లన్న మాట పత్రికల్లో అలాగే ఉంది. చెరువు మట్టం మాత్రం అలాగే ఉండే వీలు లేదు.

అయితే మట్టం కొలిచేదెలా? కంప్యూటర్ ఆటలకు స్టీమ్ అనే వేదిక ఉంది. ఒకే క్షణంలో ఎంతమంది ఆడుతున్నారో అది అందరికీ చూపిస్తుంది. కంప్యూటర్ పబ్‌జీని 2018 జనవరిలో ఒకే సమయాన 32 లక్షలకు పైగా ఆడారు. అదే ఏడాది చివరికి ఆ శిఖరం దాదాపు మూడో వంతుకు దిగింది. ఆట పని అయిపోయిందని చాలామంది అన్నారు. సరిగ్గా అదే ఏడాది అదే ఆట ఫోన్లలో ఊరూరా పాకింది. ఒక కుండలో తగ్గిన నీళ్లు చూసి ఇంట్లో నీళ్లే లేవంటే ఎట్లా?

పైగా "ఒకే సమయాన ఇంతమంది" అన్న లెక్కలో ఒక మెలిక ఉంది. మళ్లీ ఇరానీ హోటల్‌కు పోదాం. గంటకు 60 మంది వస్తారు, ఒక్కొక్కరూ అరగంట కూర్చుంటారనుకోండి. ఏ సమయంలో తొంగి చూసినా కుర్చీల్లో సుమారు 30 మంది కనబడతారు. అదే 60 మంది గంటసేపు కూర్చుంటే 60 మంది కనబడతారు. గిరాకీ ఒక్కరు కూడా పెరగలేదు, హోటల్ మాత్రం కిటకిటలాడుతోంది. ఆటలోనూ ఇంతే. రోజుకు 24 లక్షల మంది, ఒక్కొక్కరు ఒక గంట ఆడితే సగటున ఏ క్షణంలోనైనా లక్ష మంది ఉంటారు. అదే జనం అరగంటకు తగ్గించుకుంటే 50 వేలు. ఒక్కడు కూడా ఆట వదల్లేదు, సంఖ్య మాత్రం సగమైంది. రోజుకు ఇన్ని గంటలే అని హద్దు పెట్టినప్పుడు కూడా ఈ సంఖ్య తగ్గుతుంది. అది మనుషులు తగ్గడం కాదు, కూర్చునే సేపు తగ్గడం. అందుకే ఎంతమంది వచ్చారు, ఎంతసేపు కూర్చున్నారు అని రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగాలి.

ఇక కాలం సంగతి. జనవరిలో ధూల్‌పేటలో పతంగుల దుకాణాల ముందు నిలబడి గిరాకీ లెక్కపెట్టండి. మళ్లీ జూన్‌లో అక్కడే నిలబడండి. ఆ రెండు లెక్కలతో పతంగుల ఆట చచ్చిపోయిందని ఎవరైనా రాస్తే మీరు ఒప్పుకోరు. సంక్రాంతి ఎప్పుడొస్తుందో మీకు తెలుసు. ఆన్‌లైన్ ఆటలకూ ఇలాంటి రుతువులున్నాయి. మార్చిలో పదో తరగతి, ఇంటర్ పరీక్షలకు పిల్లలు తగ్గుతారు. వేసవి సెలవుల్లో పొంగుతారు. కొత్త సీజన్, కొత్త మ్యాప్ వచ్చిన వారం ఎగబడతారు, తర్వాత చల్లబడతారు. అందుకే పోయిన నెలతో పోల్చకుండా పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చమని మా శాస్త్రం చెబుతుంది.

కానీ పాతబస్తీలో ఆ సలహా కూడా చాలదు. రంజాన్‌లో మన పిల్లలు తరావీహ్ అయ్యాక, సహర్ దాకా మేలుకొని ఆడతారు. ఆ నెలలో రాత్రి రెండింటికి కూడా లాబీ, అంటే ఆట మొదలయ్యే ముందు అందరూ చేరే చోటు, నిండుతుంది. రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2023 ఏప్రిల్‌లో మూడు వారాలు రంజానే. 2025 ఏప్రిల్‌లో ఒక్క రోజూ లేదు. ఆ రెండు ఏప్రిళ్లనూ పక్కపక్కన పెట్టి ఈ గల్లీల్లో ఆడేవాళ్లు తగ్గిపోయారంటే, ఆటగాళ్లను కాదు, నెలవంకను లెక్కపెట్టినట్టు. మన బోనాలూ ఆషాఢంతో పాటు అటూ ఇటూ జరుగుతాయి. పంచాంగం చూసేవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. పండుగను పండుగతో పోల్చాలి, తారీఖును తారీఖుతో కాదు.

నాలుగో సంగతి, మన గల్లీ. "మా దోస్తులెవ్వరూ ఆడట్లేదు సార్, ఖతమైపోయింది" అని 24 ఏళ్ల అబ్బాయి అంటాడు. వాడు అబద్ధం చెప్పడం లేదు. 2018లో వాడికి 16 ఏళ్లు. వాడి దోస్తులిప్పుడు మదీనా సెంటర్‌లో దుకాణాల్లో, హైటెక్ సిటీలో, దుబాయ్‌లో పనుల్లో ఉన్నారు. వాళ్లు ఆట వదిలింది నిజమే. కానీ వాళ్ల తమ్ముళ్లు ఆడుతున్నారేమో వాడికి కనబడదు. తనతో పాటు ఎదిగినవాళ్లను చూసి లోకం ముసలిదైందనుకోవడం మనందరికీ అలవాటే. దీనికి తోడు ఫోన్ల లెక్క ఒకటి. ఒక ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములకు ఒకే ఫోను, ఒకే ఐడీ. మరో ఇంట్లో ఒక్కడికే మూడు ఐడీలు. ఐడీలు లెక్కపెడితే ఈ రెండిళ్లూ తారుమారవుతాయి.

మరి మనలాంటివాళ్లం ఏం చేయగలం? కంపెనీ తలుపు తట్టకుండా లెక్కించే పద్ధతి ఒకటుంది. 1896లో డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ సముద్రంలో చేపల కోసం వాడాడు. కొన్ని చేపలు పట్టి, గుర్తు వేసి వదిలేయడం. మళ్లీ వల వేసినప్పుడు గుర్తున్నవి ఎన్ని పడ్డాయో చూడడం. గుర్తున్నవే మళ్లీ మళ్లీ పడితే చేపలు కొద్దిగా ఉన్నట్టు. అరుదుగా పడితే చాలా ఉన్నట్టు. ఈ రోజు నల్లమలలో పెద్దపులుల్ని లెక్కించేది కూడా ఈ సూత్రం మీదే. అక్కడ గుర్తు వేయక్కర్లేదు, ఏ పులి చారలు దానివే. చెట్లకు కట్టిన కెమెరాల్లో అదే పులి ఎన్నిసార్లు పడిందో చూస్తారు. మన దేశంలో జననమరణాల నమోదు ఎంత సరిగా జరుగుతోందో తేల్చడానికి 1949లో మన శాస్త్రవేత్త చంద్రశేఖరన్, అమెరికా శాస్త్రవేత్త డెమింగ్‌తో కలిసి ఇదే ఆలోచనను మనుషులకు అన్వయించాడు.

హోటల్లో అడిగిన ఆ అబ్బాయికి నేనొక నోటుపుస్తకం కొనిచ్చాను. ఆటలో ఎవరు ఎవరిని పడగొట్టారో పేర్లు తెర మీద కనబడుతుంటాయి. "వారంలో ఒక రాత్రి, ఒకే టైముకు, నీ ర్యాంకులోనే ఆడు. కనబడ్డ పేర్లలో 60 రాయి. వచ్చే వారం అదే రాత్రి, అదే టైముకు మరో 60 రాయి. రెండింట్లోనూ ఉన్నవి ఎన్నో చూడు" అన్నాను. వాడు చేశాడు. ఆరు పేర్లు కలిశాయి. 60ని 60తో గుణించి 6తో భాగిస్తే 600. వాడి ర్యాంకులో, ఆ రాత్రి వేళ, వాడికి ఎదురుపడగలిగేవాళ్లు సుమారు 600 మంది అన్నమాట.

ఈ 600లో లోపాలున్నాయి, దాచను. రాత్రంతా ఆడేవాడు వలలో పదేపదే పడతాడు, కాబట్టి అసలు సంఖ్య ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. తెర మీది పేర్లలో కొన్ని బాట్లవి, మనిషి వెనక లేని బొమ్మలు. కలిసిన పేర్లు ఆరే కనుక ఒకటి అటూ ఇటైనా జవాబు బాగా మారుతుంది. అది దేశమంతటి లెక్క కూడా కాదు. అయినా దాని విలువ దానికుంది. లాబీ నిండడానికి పట్టే సేపు పెరుగుతోందా? బాట్లు ఎక్కువయ్యాయా? అవే పేర్లు మళ్లీ మళ్లీ ఎదురవుతున్నాయా? ఆడేవాళ్లు చాయ్ దగ్గర చెప్పుకునే ఈ మూడు మాటలూ నిజానికి శాస్త్రం మాటలే. నోటుపుస్తకంలో రాస్తే ఆధారాలవుతాయి, రాయకపోతే గాలిమాటలుగా పోతాయి.

ఇప్పుడు తగ్గుదల గురించి. తగ్గిందంటే చచ్చిందని కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆట 2004లో వచ్చింది. నెలనెలా చందా కట్టి ఆడే ఆట కాబట్టి కంపెనీ దగ్గర గట్టి లెక్క ఉండేది. 2010లో 1.2 కోట్ల మంది చందాదారులు. 2015లో 55 లక్షలు. ఆ లెక్క చెప్పి, ఇకమీదట చందాదారుల సంఖ్య ప్రకటించబోమంది కంపెనీ. సగానికి పైగా జనం పోయినా ఆట ఆగలేదు. 2019లో దాని పాత రూపాన్ని మళ్లీ తెస్తే పాతవాళ్లు ఎగబడి వచ్చారు.

మన పట్నం సంగతే చూడండి. 1911 జనాభా లెక్కల్లో హైదరాబాద్‌లో సుమారు 5 లక్షల మంది. 1921లో సుమారు 4 లక్షలు. ప్లేగు, 1918 ఇన్‌ఫ్లూయెంజా అంతటి దెబ్బ కొట్టాయి. ఆ అంకె ఒక్కటే చూసినవాడు ఊరు ముగిసిందనుకుంటాడు. కానీ సరిగ్గా ఆ పదేళ్లలోనే మూసీ ఒడ్డున హైకోర్టు లేచింది, ఉస్మాన్‌సాగర్ కట్టారు. జనం తగ్గిన ఊళ్లో ఉన్నవాళ్ల కోసం కట్టినవి, తర్వాత వచ్చినవాళ్లందరికీ నీడనిచ్చాయి, నీళ్లిచ్చాయి.

ఇక్కడున్న అమ్మానాన్నలకు ఒక మనవి. పిల్లాడు ఆట మానేశాడని సంతోషించే ముందు, మానేసి ఎటు పోయాడో కనుక్కోండి. చదువుకో, మైదానానికో పోతే మంచిదే. డబ్బు పందేల ఆటల్లోకి పోతే అది ప్రమాదం. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి అలాంటి ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది ఊరికే కాదు. తమ్ముళ్లకు ఒక మనవి. కోట్లలో ప్రకటన వినగానే అప్పు చేయకండి. అది వచ్చినవాళ్ల లెక్కా, ఉన్నవాళ్ల లెక్కా అని అడగండి. ఉన్నవాళ్ల లెక్కయితే, ఏ పండుగ నెలలో లెక్కపెట్టారని అడగండి.

ఆ అబ్బాయి ఈ సభలోనే ఉన్నాడు. నోటుపుస్తకం ఒళ్లో ఉంది. "600 అంటే పెరిగినట్టా సార్, తగ్గినట్టా?" అని ఇందాక లోపలికి వస్తూ అడిగాడు. ఒక్క లెక్కతో ఆ మాట చెప్పలేం నాయనా. మట్టం ఒక్కసారి చూస్తే చెరువు నిండుతోందో ఎండుతోందో తెలియదు, మళ్లీ చూడాలి. ఈ రంజాన్‌లో ఒకసారి, వచ్చే రంజాన్‌లో ఒకసారి ఇలాగే రాయి. నీ దోస్తులతో కూడా రాయించు. రెండు పుస్తకాలూ తీసుకొని రా. ఇదే సభలో, వీళ్లందరి ముందూ, బోర్డు మీద నువ్వే లెక్క చేసి చూపిద్దువుగాని.