గెలిచిన అధ్యక్షుడు, కలిసిరాని సహచరులు

కోల్‌కతా తెలుగువాళ్ల ముందు స్మారకోపన్యాసం చేయమని అడగగానే నాకు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు గుర్తుకొచ్చారు. 1939 కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో, ఈ నగరం నెత్తిన పెట్టుకున్న నాయకుడి చేతిలో ఓడిన తెలుగువాడాయన. ఆ ఓటమి కథ మనవాళ్లలో చాలామందికి తెలుసు. గెలిచిన సుభాస్ చంద్ర బోసుకు ఆ తర్వాత ఏమైందన్నది ఇంకా ముఖ్యమని నా నమ్మకం.

గెలిచినవారితో ఓడినవారు ఎలా మెలగాలన్నదే అసలు ప్రశ్న. అమెరికాలో ఓడిన పోటీదారు పార్టీ మహాసభ వేదికెక్కి గెలిచినవారికి మద్దతు పలకడం ఆనవాయితీ. 2008లో డెన్వర్‌లో హిల్లరీ క్లింటన్ ఓట్ల లెక్కింపును మధ్యలో ఆపించి, ఒబామాను ఏకగ్రీవంగా అభ్యర్థిగా ప్రకటించమని కోరారు. కాంగ్రెసులో అంతకంటే పాత పద్ధతి ఒకటుండేది: అసలు పోటీయే రాకుండా చూసుకోవడం. 1906 కలకత్తా మహాసభకు అధ్యక్షుడిగా అతివాదులు తిలక్ పేరు తెచ్చారు. మితవాదులు ఎనభై ఒక్కేళ్ల దాదాభాయి నౌరోజీని ఇంగ్లండు నుంచి పిలిపించారు. ఆయన్ను కాదనే ధైర్యం ఎవరికీ లేదు. స్వరాజ్యం, స్వదేశీ, బహిష్కారం, జాతీయ విద్య తీర్మానాలు నెగ్గాయి. ఐకమత్యం కుదిరిందనుకున్నారు. ఏడాది తిరక్కుండానే సూరత్ మహాసభలో, ఆ తీర్మానాలను నీరుగారుస్తున్నారన్న అనుమానంతోనే, వేదిక మీదికి చెప్పు ఎగిరింది. పెద్దాయన ముఖం చూసి ఒప్పుకున్నారే తప్ప చేయాల్సిన పని మీద ఒప్పుకోలేదు.

1939 దీనికి తలకిందులైన కథ. ఈసారి పోటీ తప్పలేదు. మౌలానా ఆజాద్ తప్పుకొని పట్టాభి గారిని బలపరిచారు. వల్లభభాయి పటేల్, రాజేంద్ర ప్రసాద్, కృపలానీ మొదలైన ఏడుగురు, బోసు విరమించుకుంటే పట్టాభి ఏకగ్రీవంగా ఎన్నికవుతారని ప్రకటన చేశారు. బోసు విరమించలేదు. జనవరి 29న ఓట్లు పడ్డాయి: బోసుకు 1580, పట్టాభికి 1377. పట్టాభిని పోటీలో ఉంచింది తానే కాబట్టి ఈ ఓటమి ఆయనదనడం కన్నా తనదనాలని గాంధీజీ అన్నారు. ఆ ఒక్క మాటతో ఇద్దరు అభ్యర్థుల మధ్య జరిగిన పోటీ గాంధీజీ మీద విశ్వాసపరీక్షగా మారిపోయింది. ఇది పట్టాభి గారికీ న్యాయం కాదని నా అభిప్రాయం. సొంతంగా ఓడిపోయే గౌరవం కూడా ఆయనకు మిగల్లేదు.

ఫిబ్రవరిలో కాంగ్రెసు కార్యవర్గ సభ్యులు చాలామంది రాజీనామా చేశారు. మార్చిలో త్రిపురి మహాసభకు బోసు జ్వరంతో వచ్చారు. కొత్త కార్యవర్గాన్ని గాంధీజీ ఇష్టప్రకారం ఏర్పాటు చేయాలని గోవింద వల్లభ పంత్ పెట్టిన తీర్మానం నెగ్గింది. పేర్లు చెప్పమని బోసు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. మీకు నచ్చినవాళ్లను మీరే వేసుకోండని గాంధీజీ జవాబు. తీర్మానాన్ని బట్టి అధ్యక్షుడు తన సొంత మనుషులను వేసుకోలేడు, గాంధీజీ పేర్లివ్వరు. ఇక ఆయన చేయగలిగిందేమిటి?

చిక్కుముడి విప్పడానికి ఏప్రిల్ నెలాఖరున ఈ ఊళ్లోనే, వెల్లింగ్టన్ స్క్వేర్‌లో, అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కూడింది. ఇప్పుడది రాజా సుబోధ్ మల్లిక్ స్క్వేర్. 29న బోసు రాజీనామా చేశారు. సరోజినీ నాయుడు సభాధ్యక్షత వహించారు. రాజీనామా వెనక్కి తీసుకొని పాత కార్యవర్గంతోనే నడపమని జవహర్‌లాల్ ప్రతిపాదించారు. బోసు ఒప్పుకోలేదు. రాజేంద్ర ప్రసాద్ అధ్యక్షులయ్యారు. మే 3న బోసు ఫార్వర్డ్ బ్లాక్‌ను స్థాపించారు. బోసు మూడేళ్లపాటు కాంగ్రెసు పదవులకు పనికిరారని ఆగస్టులో కార్యవర్గం నిర్ణయించింది.

బోసు వైపునా తొందరపాటు ఉంది. తనతో పనిచేసిన నాయకులు బ్రిటిష్ వారితో రాజీ పడవచ్చని బహిరంగంగా అనుమానించి, మళ్లీ వాళ్లనే కార్యవర్గంలోకి పిలవడం కష్టం. కానీ ప్రతినిధుల తీర్పు వచ్చాక ఆయనతో ఒకే బల్ల దగ్గర కూర్చోవలసిన బాధ్యత ఓడిన పక్షానిదే. పోటీదారుల మద్దతు అంటే నేను దీన్నే అంటాను. సభలో పూలదండ వేయడం కాదు, కార్యవర్గంలో పేరు రాయించుకోవడం.

పట్టాభి గారు తొమ్మిదేళ్ల తర్వాత, 1948లో, పురుషోత్తమ్ దాస్ టాండన్‌పై స్వల్ప తేడాతో గెలిచి జైపూర్ మహాసభకు అధ్యక్షులయ్యారు. 1950లో టాండన్ వంతు వచ్చింది. ఆయన కార్యవర్గం ప్రధానమంత్రి నెహ్రూకు నచ్చలేదు. 1951 సెప్టెంబరులో ఓట్లతో గెలిచిన మరో అధ్యక్షుడు పదవి వదిలేశారు.